కంప్యూటర్ తెర మీద చిత్రలేఖనం: కన్ను, చేయి, యంత్రం

కంప్యూటర్ మీద బొమ్మలు వేయడం గురించి మాట్లాడబోయే ముందు ఒక ప్రశ్నకు జవాబు వెతకాలి. వృత్తం గీయమంటే యంత్రం వంకర లేకుండా గీస్తుంది. రంగు నింపమంటే క్షణంలో నింపుతుంది. 2022 నుంచి నాలుగు మాటలు టైపు చేస్తే బొమ్మనే తయారుచేసి ఇచ్చే ప్రోగ్రాములు కూడా సామాన్యులకు అందుబాటులోకి వచ్చాయి. అలాంటప్పుడు చిత్రకళ నేర్చుకుంటున్న మీరు పెన్సిలు పట్టుకుని గంటలకొద్దీ గీతలు ఎందుకు సాధన చేయాలి? ఈ పాఠంలో ఒక ఇత్తడి చెంబును ఎదురుగా పెట్టుకుని, దానిని తెర మీదికి తెచ్చే పద్ధతిని మెట్టు మెట్టుగా తెలుసుకుందాం. జవాబు ఆ దారిలోనే దొరుకుతుంది.

తెర అంటే ఏమిటి?

తెర మీద గీయడం కొత్త విషయమేమీ కాదు. 1963లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో పరిశోధక విద్యార్థిగా ఉన్న ఐవాన్ సదర్లాండ్ 'స్కెచ్‌ప్యాడ్' అనే ప్రోగ్రామును రూపొందించాడు. తెరకు కాంతి కలాన్ని ఆనించి గీతలు గీయడం అందులో సాధ్యమైంది. 1984లో మాకింతోష్ కంప్యూటర్‌తో పాటు వచ్చిన 'మాక్‌పెయింట్' ఇంటిలో కూర్చుని మౌస్‌తో బొమ్మ వేసుకునే వీలు కల్పించింది. 1990లో 'ఫోటోషాప్' వచ్చింది.

ఇప్పటి ప్రోగ్రాముల్లో గీసే బొమ్మలు చాలావరకు చిన్న చిన్న చదరపు చుక్కల సముదాయం. ఒక్కొక్క చుక్కను పిక్సెల్ అంటాం. ప్రతి పిక్సెల్‌కు మూడు సంఖ్యలు ఉంటాయి. ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అన్నది 0 నుంచి 255 వరకు ఉండే ఆ సంఖ్యలే చెబుతాయి. ఈ మూడింటి కలయికతో 1 కోటి 67 లక్షలకు పైగా రంగులు సాధ్యమవుతాయి.

కొత్త ఫైలు తెరిచేటప్పుడే దాని పరిమాణం నిర్ణయించుకోవాలి. ఎ4 కాగితం మీద చక్కగా అచ్చు కావాలంటే అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున వెడల్పు 2480, ఎత్తు 3508 పిక్సెళ్లు కావాలి. అదే 800 వెడల్పు, 600 ఎత్తుతో మొదలుపెడితే, ఆ నాణ్యతతో అచ్చయ్యే బొమ్మ సుమారు 2.7 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల ఎత్తు మాత్రమే. తరువాత దానిని పెద్దది చేసినా లేని వివరం పుట్టుకురాదు.

మొదటి మెట్టు: కాగితం మీద చూపు

ఇప్పుడు చెంబును కిటికీ పక్కన బల్ల మీద పెట్టండి. కంప్యూటర్ జోలికి పోకండి. పెన్సిలును చేయి పూర్తిగా చాచి పట్టుకుని, ఒక కన్ను మూసి, చెంబు ఎత్తును, పొట్ట దగ్గరి వెడల్పును పోల్చండి. ఎత్తు ఎక్కువా, వెడల్పు ఎక్కువా? చాలామంది చూడకుండానే ఎత్తును ఎక్కువ చేసి గీస్తారు. చెంబు అంటే ఇలా ఉంటుందని మన మనసులో ముందే ఒక గుర్తు ఉండటమే దీనికి కారణం. మనం గీసేది ఆ గుర్తును. ఎదురుగా ఉన్న చెంబు వేరు.

తరువాత నడిమధ్యలో ఒక నిలువు గీత గీసి, దానికి ఇరువైపులా మెడ, పొట్ట, అడుగు ఎంతెంత దూరంలో ఉన్నాయో గుర్తించండి. మూతి గుండ్రమైనదే అయినా, మీ కంటికి అది దీర్ఘవృత్తంగా కనిపిస్తుంది. మూతి మీ కంటి మట్టానికి దగ్గరగా ఉంటే ఆ దీర్ఘవృత్తం సన్నగా ఉంటుంది. అడుగు ఇంకా కిందికి ఉంటుంది కాబట్టి దాని వంపు మరికొంత ఎక్కువగా కనిపిస్తుంది. చివరగా, చెంబును కాకుండా దాని చుట్టూ ఉన్న ఖాళీ ఆకారాన్ని చూడండి. ఆ ఖాళీ సరిగా వస్తే చెంబు కూడా సరిగా వచ్చినట్టే.

రెండవ మెట్టు: చేతికి అలవాటు

గీసిన కాగితాన్ని స్కాన్ చేయండి, లేదా పైనుంచి నిటారుగా ఫోన్‌తో ఫోటో తీయండి. వాలుగా తీస్తే కొలతలు మారిపోతాయి. ఇక గ్రాఫిక్ టాబ్లెట్ ఉంటే దానితో పాటు వచ్చే కలాన్ని పట్టుకోండి. గట్టిగా నొక్కితే గీత లావుగా, తేలికగా తాకితే సన్నగా వస్తుంది. మౌస్‌కు ఈ శక్తి లేదు.

తెర లేని టాబ్లెట్‌తో మొదట ఒక ఇబ్బంది ఎదురవుతుంది. చేయి బల్ల మీద, చూపు తెర మీద ఉంటాయి. గీత అనుకున్న చోట పడదు. నిరాశపడకండి. రోజూ పది నిమిషాలు రెండు చుక్కలు పెట్టి వాటిని ఒకే గీతతో కలపండి. పొడవైన గీతను మణికట్టుతో కాక భుజం నుంచి చేయి కదిపి గీయండి. కొన్ని రోజులకే చేయి, కన్ను ఒకదానితో ఒకటి కుదురుకుంటాయి.

మూడవ మెట్టు: పొరలు

కంప్యూటర్ చిత్రకళలో లేయర్ అనే మాట తరచుగా వినిపిస్తుంది. లేయర్ అంటే పొర. పారదర్శకమైన కాగితాలను ఒకదానిపై ఒకటి పేర్చినట్టు ఊహించుకోండి. అడుగు పొరలో మీ పెన్సిలు చిత్రం లేతగా ఉంటుంది. దాని మీది పొరలో శుభ్రమైన గీత, రెంటికీ నడుమ ఇంకొక పొరలో రంగు. రంగు చెడితే గీత చెడదు.

పనిని ఇలా దశలుగా విడదీయడం మన దేశానికి పాతదే. అక్బరు కాలపు మొగలు చిత్రశాలల్లో తయారైన పలు చిత్రాల కింద రూపకల్పన చేసినవారి పేరు ఒకటి, రంగులు వేసినవారి పేరు మరొకటి కనిపిస్తాయి. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో తడిపి ఆరబెట్టిన బట్ట మీద, చింతపుల్లను కాల్చిన బొగ్గుతో ముందు లేతగా గీసుకుంటారు. ఆ తరువాత ఇనుము, బెల్లం ఊరవేసిన ద్రవంలో వెదురు కలాన్ని ముంచి అసలు గీత గీస్తారు. కరక్కాయలోని పదార్థంతో కలిసి ఆ గీత నల్లబడి బట్టలో నిలిచిపోతుంది. బొగ్గు గీతను దులిపేయవచ్చు. నల్ల గీతను చెరపడం కుదరదు.

నాలుగవ మెట్టు: వెలుగు నీడలు, తరువాత రంగు

రంగు వేయాలని తొందరగా ఉంటుంది. కాస్త ఆగి, ముందు బూడిద రంగు ఛాయలతోనే చెంబును పూర్తి చేయండి. కిటికీ వెలుగు నేరుగా తాకిన మెరుపు, మధ్య ఛాయ, చీకటి వైపు, బల్ల నుంచి తిరిగి వచ్చి నీడవైపు అంచున పడే వెలుగు, బల్ల మీద పడిన నీడ అనే ఈ ఐదింటినీ వేరువేరుగా గుర్తించండి. ఇవి కుదిరితేనే చెంబు గుండ్రంగా కనిపిస్తుంది.

రంగు విషయంలో ఒక తేడా గుర్తుంచుకోవాలి. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది. అక్కడ ఎరుపు, ఆకుపచ్చ వెలుగులు కలిస్తే పసుపు వస్తుంది. మీ రంగుల పెట్టెలో ఆ రెండూ కలిపితే మట్టి రంగు వస్తుంది. అచ్చు యంత్రం సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలు వాడుతుంది. అందుకే తెర మీద మెరిసిన రంగు కాగితం మీద మందగిస్తుంది. రంగు వేశాక బొమ్మ ప్రతి ఒకటి తీసి, రంగు తొలగించి నలుపు తెలుపుల్లో చూడండి. అప్పుడు కూడా చెంబు గుండ్రంగానే ఉంటే మీ ఛాయలు సరైనవే.

వెనక్కి తీసుకునే మీట

కంట్రోల్, జెడ్ మీటలు కలిపి నొక్కితే చివరి గీత మాయమవుతుంది. ఇది గొప్ప సౌకర్యం. భయం లేకుండా ప్రయత్నించే ధైర్యం ఇస్తుంది. అయితే ఇందులోనే ప్రమాదం కూడా ఉంది. ఒక గీత గీయడం, చెరపడం, మళ్ళీ గీయడం, మళ్ళీ చెరపడం అలవాటైతే, గీత ఎందుకు తప్పిందో చూడకుండానే అదృష్టం మీద ఆధారపడతాం. ఇరవైసార్లలో ఒకసారి సరైన గీత పడవచ్చు. కాని చేతికి వచ్చిందేమీ ఉండదు. చెరగని గీత గీసే కలంకారీ కళాకారుడు కలం ఆనించకముందే చూస్తాడు. మనం చెరపగలం కాబట్టి చూడటం మానేస్తాం.

కాబట్టి ఒక నియమం పెట్టుకోండి. తప్పు గీతను వెంటనే తీసివేయవద్దు. దాని పక్కనే, వేరే పొరలో, సరైన గీత గీయండి. రెండింటినీ పోల్చి, ఎంత తప్పాం, ఏ వైపుకు తప్పాం అని తెలుసుకున్నాక పాత పొరను మూసివేయండి. ఇలా వాడితే అదే సౌకర్యం మీకు గురువవుతుంది.

మొదటి ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పుకోవచ్చు. యంత్రం మీకు చెంబు బొమ్మను ఇవ్వగలదు. ఆ చెంబు ఎత్తుకు, వెడల్పుకు ఉన్న సంబంధాన్ని మీ కంటికి నేర్పలేదు. అది మీ చేయి గీసినప్పుడే వస్తుంది. యంత్రం ఇచ్చిన బొమ్మలో నీడ తప్పు వైపు పడితే, గీసి నేర్చుకున్నవారు దానిని త్వరగా పట్టుకుంటారు. సాధన లేనివారి కంటికి అది ఆనడం కష్టం.

పరికరాలు లేకపోతే?

టాబ్లెట్ లేదని ఆగిపోవద్దు. పైన చెప్పినవాటిలో కొలత, దీర్ఘవృత్తం, వెలుగు నీడలు అన్నీ పెన్సిలుతో నేర్చుకోదగినవే. పాఠశాల కంప్యూటర్ గదిలో వారానికి ఒక గంటే దొరికినా, కాగితం మీద సిద్ధం చేసుకున్న చిత్రంతో వెళితే ఆ గంట అంతా రంగుకు, పొరలకు ఉపయోగపడుతుంది. క్రిటా, గింప్ అనే ప్రోగ్రాములు ఉచితంగా లభిస్తాయి. పొరలు, కుంచెలు రెంటిలోనూ ఉన్నాయి. మౌస్‌తో గీత వణికినా, రంగు నింపడానికి, ఛాయలు సరిచూడటానికి అది చాలు.

అభ్యాసం

1. ఒకే చెంబును మూడు ఎత్తులలో పెట్టి, మూతి దీర్ఘవృత్తం ఎలా మారుతుందో కాగితం మీద గీయండి.

2. కంప్యూటర్ మీద పది నిమిషాల పాటు ఒక్కసారి కూడా వెనక్కి తీసుకోకుండా అదే చెంబును గీయండి.

3. ఆ చిత్రాన్ని తేదీ వేసి దాచుకోండి. నెల తరువాత మళ్ళీ గీసి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఏ గీత మారిందో మీ మాటల్లో ఐదు వాక్యాలు రాయండి.