పాత మోటారు వేడెక్కడానికి కారణం వయసు కాదు

జూన్ 15 దాటిందంటే కాకినాడలో మా షెడ్డు ముందు మోటార్లు వరస కడతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు తూర్పు తీరంలో వేట నిషేధం. అన్నాళ్ళూ పాకలోనో పట్టా కిందో ఉన్న అవుట్‌బోర్డ్ మోటారు వేటకెళ్ళిన మొదటి రోజే కాగిపోతుంది. ‘‘రెండు నెలలు ముట్టుకోనైనా లేదు మేస్త్రీ, ఎలా పాడైంది?’’ అని అడుగుతారు. వెంటనే జవాబు కూడా వాళ్ళే చెప్పుకుంటారు: ‘‘పాతదైపోయింది, అంతే.’’

ఆ మాట నేను ఒప్పుకోను. పాత టూ స్ట్రోక్ మోటారు పొగ ఎక్కువ వదలొచ్చు, నూనె ఎక్కువ తాగొచ్చు. వేడెక్కిందంటే మాత్రం నూటికి తొంభై వంతులు నీళ్ళ దారిలో ఎక్కడో అడ్డం పడినట్టే. ఆ దారి తెలిస్తే జబ్బు సగం దొరికినట్టు.

కారుకి రేడియేటర్ ఉంటుంది, పడవ మోటారుకి ఉండదు. నీళ్ళలో మునిగి ఉండే కాలికి జల్లెడలాంటి కన్నాలుంటాయి. సముద్రపు నీరే వాటిలోంచి లోపలికి వెళ్తుంది. గేర్ల పెట్టె మీద చిన్న పంపు, అందులో రబ్బరు రెక్కల ఇంపెల్లర్. పడవని నెట్టే ఫ్యానుకి బలం పంపే నిలువు షాఫ్టే దీన్నీ తిప్పుతుంది. అది తోసిన నీరు గొట్టంలో పైకెక్కి, సిలిండర్ల చుట్టూ తిరిగి, చివరికి పొగతోపాటు కిందికి దిగిపోతుంది. కొంచెం నీరు మాత్రం వెనక చిన్న కన్నంలోంచి సన్నటి ధారగా బయటికి చిమ్ముతుంది.

ఇప్పుడు నిషేధం సంగతికి వద్దాం. పంపు గిన్నెలో షాఫ్ట్ సరిగ్గా నడిమధ్యన ఉండదు, ఓ పక్కకి ఉంటుంది. అందుకే ఇంపెల్లర్ రెక్కలు ఒకవైపు బాగా వంగి, రెండోవైపు చాచుకుని ఉంటాయి. ఆ వంపుతోనే నీటిని తోస్తాయి. రెండు నెలలు కదలకుండా ఉంటే వంగిన రెక్క వంగినట్టే బిగుసుకుపోతుంది. అది చాలదన్నట్టు, వేటకి రెండు రోజుల ముందు గట్టు మీదే తాడు లాగి ‘స్టార్టవుతుందో లేదో’ చూస్తారు. నీరు లేని పంపులో రబ్బరు పొడిగా రాసుకుంటుంది. కొన్ని సెకన్లు చాలు, రెక్కల అంచులు కాలిపోవడానికి. ఒక్కసారైనా చూడాలనిపిస్తే నీళ్ళ డ్రమ్ములో కాలు ముంచి చూడండి.

మోటారు షెడ్డుకొస్తే ముందు నేనడిగేది, ఎప్పుడు వేడెక్కుతోందని. నెమ్మదిగా నడిపినప్పుడు కాగి, జోరు పెంచితే సర్దుకుంటే ఇంపెల్లర్ మీద అనుమానం. నెమ్మదిగా తిరిగేటప్పుడు రెక్కల అంచులు గిన్నెకి ఆనుకుని ఉంటేనే నీరు ఎక్కుతుంది. జోరు మీద రెక్కలు లోపలికి ముడుచుకున్నా, ఆ వేగానికే నీరు విసిరినట్టు పైకి పోతుంది. అందుకే అరిగిన ఇంపెల్లర్ తప్పు జోరులో కనబడదు. అలా కాకుండా, నెమ్మదిగా బాగానే ఉండి జోరు మీదే కాగితే, లోపలి దారులు ఉప్పుతోనో ఇసుకతోనో సన్నబడ్డాయేమో చూడాలి. కార్బరేటర్ జెట్‌లో చెత్త పడి ఇంధనం తగ్గినా ఇలాగే కాగుతుంది. నీళ్ళ దారి మొత్తం బాగుందని తేలాక అటువైపు చూడండి.

ధార ఆగిపోగానే కంగారుపడి కాలు విప్పకండి. ఇంజన్ ఆపి, ఆ చిన్న కన్నంలోకి నైలాన్ తంగూసు పోనిచ్చి చూడండి. ఉప్పుగడ్డో, కందిరీగ పెట్టిన మట్టిగూడో ఉంటుంది. రెండు నెలలు ఖాళీగా ఉన్న మోటారంటే కందిరీగకి చాలా ఇష్టం.

ధార బాగానే వస్తోంది కాబట్టి భయం లేదనుకోవడం ఇంకా ప్రమాదం. కొన్ని మోడళ్ళలో ధార నీరు థర్మోస్టాట్‌కి, అంటే వేడెక్కాక తెరుచుకుని నీటిని వదిలే వాల్వుకి, ముందే బయటికొచ్చేస్తుంది. థర్మోస్టాట్ మూసుకుపోయి లోపల సిలిండర్ ఉడుకుతున్నా వెనక ధార జోరుగా కనబడుతుంది. థర్మోస్టాట్‌ని పరీక్షించడం తేలిక. దారం కట్టి గిన్నెడు నీళ్ళలో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి కాయండి. చాలా అవుట్‌బోర్డ్ మోటార్లలో 50, 60 డిగ్రీల మధ్యలో తెరుచుకోవాలి. కార్లలో 80 దాటాక తెరుచుకునేవి ఎక్కువ. ఇక్కడ తిరిగేది ఉప్పునీరు. వేడి పెరిగేకొద్దీ లోపల ఉప్పు గార ఎక్కువ కడుతుంది కాబట్టి ఇంత తక్కువ పెట్టారు. దాన్ని పీకి పారేసి నడిపేవాళ్ళు మా తీరంలో చాలామంది ఉన్నారు. అలా చేస్తే ఇంజన్‌కి తగినంత వేడి అందక ప్లగ్గులు తడిసి మసిబారతాయి. కొత్తది వేయించుకోండి.

ఇక నాకు అన్నిటికంటే బాధ కలిగించే సంగతి. విప్పిన పంపులో ఇంపెల్లర్‌కి రెండు రెక్కలు తక్కువుంటాయి. కొత్తది బిగిస్తారు, ధార వస్తుంది, డబ్బులిచ్చి వెళ్ళిపోతారు. మరి ఆ రెండు రెక్కలు ఏమయ్యాయి? నీళ్ళతోపాటు పైకెళ్ళి గొట్టం మలుపులోనో, సిలిండర్ పక్క సందులోనో ఇరుక్కుని ఉంటాయి. వారం తిరక్కుండా పిస్టన్ పట్టేస్తుంది. పోయిన ముక్కలన్నీ చేతిలోకి వచ్చేదాకా ఆ పని పూర్తయినట్టు కాదు. గొట్టంలోకి పైనుంచి కిందికి, ఎదురుగా నీరు కొట్టండి. రాకపోతే థర్మోస్టాట్ మూత విప్పండి, అక్కడా లేకపోతే సిలిండర్ హెడ్ విప్పండి. హెడ్ విప్పితే గ్యాస్కెట్ ఖర్చు ఉంటుంది. అయినా విప్పండి.

మా దగ్గర ఇంకో చిక్కుంది. వరద రోజుల్లో గోదావరి నీరు ఎర్రగా దిగుతుంది. మొగల దగ్గరా, కోరంగి మడ అడవుల పాయల్లోనూ తిరిగే పడవల్లో ఆ ఒండ్రు, ఇసుక పంపు గిన్నెను గీరేస్తాయి. గిన్నెకీ, దాని కింది పలకకీ చారలు పడ్డాక కొత్త ఇంపెల్లర్ ఒక్కటే వేసి లాభం లేదు, మూడూ కలిపి మార్చాలి. బిగించేటప్పుడు షాఫ్ట్‌ని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పుతూ రెక్కల్ని గిన్నెలోకి దించండి. షాఫ్ట్ మీదున్న చిన్న కీ జారిపోకుండా చూసుకోండి.

ఉప్పు గార కరగడానికి బాత్‌రూం యాసిడ్ పోసేవాళ్ళని చూశాను. మోటారు అల్యూమినియం, యాసిడ్ దాన్ని తినేస్తుంది. వెనిగర్ నీళ్ళు నిదానంగా పనిచేస్తాయి కానీ లోహానికి అంత హాని చెయ్యవు. ఎంత చేసినా వేడి తగ్గకపోతే ప్లగ్గులు విప్పి పక్కపక్కన పెట్టండి. ఒకటి మసిగా ఉండి, రెండోది ఆవిరితో కడిగినట్టు తెల్లగా మెరుస్తుంటే ఆ సిలిండర్‌లోకి నీరు దిగుతోంది, గ్యాస్కెట్ పోయింది.

సముద్రంలో ఉండగా కాలిన వాసనొచ్చి జోరు తగ్గితే వెంటనే జోరు దించి ఇంజన్ ఆపండి. చాలా పాత చిన్న మోటార్లలో హెచ్చరిక గంట ఉండదు, మీ ముక్కూ చెవే గంట. కాలు పైకి లేపి కన్నాలకి ప్లాస్టిక్ కవరు అంటుకుందేమో చూడండి. కాగిన హెడ్ మీద బకెట్‌తో చల్లటి నీళ్ళు కొట్టకండి, చిట్లిపోతుంది. చల్లారాక తాడు నెమ్మదిగా లాగి, తేలిగ్గా తిరుగుతోందనిపిస్తేనే స్టార్ట్ చెయ్యండి.

మొగ దగ్గర కెరటాల్లో ఇంజన్ ఆగితే పడవ అడ్డం తిరుగుతుంది, ప్రాణాల మీదకొస్తుంది. మోటారులో చవకైన సామాన్లలో ఇంపెల్లర్ ఒకటి. నిషేధంలో వలలు ఎలాగూ బాగుచేసుకుంటారు. అప్పుడే కాలు విప్పి ఇంపెల్లర్ మార్పించండి, ఏటా మార్పించండి. పాతదాని రెక్కలు లెక్కపెట్టమని మీ మేస్త్రీని దగ్గరుండి అడగండి.