వార్తల్లో పదం: ఏఎంహెచ్‌పీ

మానసికంగా తీవ్ర సంక్షోభంలో ఉన్న మనిషిని ఇష్టం లేకపోయినా ఆసుపత్రిలో చేర్చాలా? ఇంగ్లండ్, వేల్స్‌లలో ఈ సంగతిని డాక్టర్లు మాత్రమే తేల్చరు. సాధారణంగా ‘అప్రూవ్డ్ మెంటల్ హెల్త్ ప్రొఫెషనల్’ కూడా ఒప్పుకోవాలి. క్లుప్తంగా ఏఎంహెచ్‌పీ.

వీరిలో అత్యధికులు సోషల్ వర్కర్లే. 1983 నాటి మెంటల్ హెల్త్ యాక్ట్ ఈ బాధ్యతను వారికే అప్పగించింది. 2008 నవంబరు నుంచి నర్సులు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు, సైకాలజిస్టులకూ అవకాశమిచ్చారు. డాక్టర్లకు మాత్రం ఇవ్వలేదు.

సెక్షన్ 2 కింద 28 రోజుల వరకు ఆసుపత్రిలో ఉంచాలంటే ఇద్దరు డాక్టర్లు సిఫారసు చేయాలి. దరఖాస్తు పెట్టేది సాధారణంగా ఏఎంహెచ్‌పీ. మరీ అత్యవసరమైతే సెక్షన్ 4 ప్రకారం ఒక్క డాక్టరు సిఫారసుతో 72 గంటల వరకు ఉంచవచ్చు.

డాక్టర్లు జబ్బును అంచనా వేస్తే, ఏఎంహెచ్‌పీ ఆ మనిషి బతుకునంతా చూస్తారు. ఇంట్లో తోడెవరు? అప్పుల బాధలున్నాయా? ఇంటి దగ్గరే వైద్యం అందుతుందా? రోగితో స్వయంగా మాట్లాడటం తప్పనిసరి. వేరే దారి ఉందనిపిస్తే, డాక్టర్లిద్దరూ సిఫారసు చేసినా దరఖాస్తు పెట్టకపోవచ్చు. ఫలానా నిర్ణయమే తీసుకోవాలని పై అధికారులు ఆదేశించలేరు. ఆ స్వతంత్రతే రోగికి రక్ష.

అంబులెన్సు రప్పించడం, పిల్లలను చూసుకునేవారిని కుదర్చడం, ఇంటికి తాళం వేయించడం, పెంపుడు కుక్కకు ఆశ్రయం వెతకడం కూడా తరచూ వీరి పనే.