నాలుగు భాషల పిల్లలు – ఒక సర్కారు బడి



కోలారు బంగారు గనులు అనగానే గని లోతు, బంగారం దిగుబడి గుర్తుకు వస్తాయి. వాటి గురించి మీరు చాలా విని ఉంటారు. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది అక్కడి సర్కారు ప్రాథమిక పాఠశాల గురించి. ఒకే గదిలో తెలుగు, తమిళం, కన్నడ, ఉర్దూ ఇళ్ళ పిల్లలు పక్కపక్కన కూర్చునే బడి అది. అక్కడ చదువు ఎలా సాగుతుంది, ఎక్కడ చిక్కుపడుతుంది, తల్లిదండ్రులుగా మనం ఏం చెయ్యగలం అన్న మూడు సంగతులు చూద్దాం.

ముందుగా, ఇన్ని భాషలు ఒకచోట ఎలా చేరాయి? 1880లో జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ తవ్వకం చేపట్టింది. గనిలోకి దిగడానికి ఉత్తర ఆర్కాటు, సేలం ప్రాంతాల నుంచి తమిళులు, చిత్తూరు వైపు నుంచి తెలుగువాళ్ళు వచ్చారు. చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు, కన్నడ అంతకు ముందునుంచే ఉన్నాయి. ఉర్దూ మాట్లాడే కుటుంబాలూ ఉన్నాయి. 1894లో బౌరింగ్‌పేట, అంటే నేటి బంగారుపేట నుంచి మారికుప్పం దాకా రైలు పడింది. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట, ఛాంపియన్ రీఫ్ అన్నీ కలిసి పట్టణమైంది.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఆ తర్వాత చాలా ఇళ్ళకు బతుకుతెరువు బెంగుళూరే అయింది. తెల్లవారుజామున మారికుప్పంలో రైలెక్కిన తల్లిదండ్రులు చీకటిపడ్డాక గానీ ఇల్లు చేరరు. బిడ్డకు తలదువ్వి బడికి పంపేది అవ్వ. సాయంత్రం పుస్తకం తియ్యమని చెప్పేదీ అవ్వే. ఆ అవ్వకు బడి పుస్తకంలోని భాష చదవడం రాకపోవచ్చు. ఫీజు కట్టగలిగినవాళ్ళు పిల్లల్ని కాన్వెంటులో వేస్తారు. కట్టలేనివాళ్ళకు సర్కారు బడే దిక్కు. కాబట్టి ఈ బడి బాగుంటేనే ఆ పిల్లలకు చదువు, లేకుంటే లేదు.

ఇక తరగతి గదిలోకి వద్దాం. కన్నడ మాధ్యమంలో ఒకటో తరగతిలో చేరిన తెలుగు బిడ్డను తీసుకోండి. టీచరు “ఊట ఆయ్తా?” అని అడుగుతుంది. భోజనం అయిందా అని ఆమె అడిగింది. తెలుగులో ఊట అంటే చెలమలో ఊరే నీరు. “అన్న బేకా?” అంటే అన్నం కావాలా అని. బిడ్డ మాత్రం తన అన్నను ఎందుకు పిలుస్తున్నారా అని చూస్తాడు. జవాబు చెప్పకుండా నిలబడిన బిడ్డను మందబుద్ధి అనుకోవడం సులువు. కానీ ఆ బిడ్డకు తెలివి తక్కువేం కాదు. మాట అర్థం కాలేదు, అంతే. మొదటి ఏడాదిలో ఈ తేడా గుర్తించకపోతే ఆ బిడ్డ వెనక బెంచీకి, అక్కడినుంచి బడి బయటికి జరిగిపోతాడు.

అయితే ఈ భాషలు అక్కచెల్లెళ్ళు. ఆ చుట్టరికాన్ని చూపిస్తే పని సగం తేలికవుతుంది. మన పాలు కన్నడలో హాలు, మన పులి హులి, పాము హావు, పువ్వు హూవు, పల్లె హళ్ళి. మన ‘ప’ ఉన్నచోట కన్నడంలో ‘హ’ వస్తోందని నాలుగు మాటలు చెప్తే, అయిదోది పిల్లలే చెప్తారు. అంకెలు చూడండి. మనకు మూడు, కన్నడకు మూరు, తమిళానికి మూణు. ఆరు మాత్రం మూడింటిలోనూ ఆరే. లిపి కూడా అంతే. తెలుగు, కన్నడ లిపులు ఒకే పాత లిపి నుంచి విడివడ్డాయి. ర, గ, న, బ, ద లాంటి అక్షరాలు రెండింటిలో దగ్గరగా ఉంటాయి. క, త లాంటివి వేరుగా ఉంటాయి. ఏవి ఒకటో, ఏవి వేరో ముందే చెప్తే బిడ్డ తికమకపడడు. ఉర్దూ ఇంటి బిడ్డకు ఈ చుట్టరికం అందదు. అతనికి బొమ్మ, వస్తువు, సైగ ఎక్కువగా కావాలి.

కర్ణాటక బడుల్లో ‘నలి–కలి’ అనే పద్ధతి ఉంది. ఆనందంగా నేర్చుకో అని దాని భావం. పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకు ఒక్కో కార్డు పెడతారు. ఏ బిడ్డ మెట్టు ఆ బిడ్డదే. వారం రోజులు బడి మానిన బిడ్డ తిరిగి వచ్చి, ఆగినచోటి నుంచే మొదలుపెడతాడు. ఇది 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటలో మొదలైంది. దానికి స్ఫూర్తి మన మదనపల్లె దగ్గరి ఋషి వ్యాలీ వాళ్ళు పల్లె బడుల్లో నడిపిన పద్ధతే. సరిహద్దు దాటి వెళ్ళిన మంచి విత్తనం అది.

చట్టం ఏమంటోంది? భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే సౌకర్యం కల్పించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం చెప్తోంది. 1956లో చేర్చిన అధికరణం ఇది. తరగతిలో 10 మంది గానీ, బడిలో 40 మంది గానీ ఆ భాష పిల్లలుంటే టీచరును ఇవ్వాలని 1949లోనే విద్యామంత్రుల సమావేశం అనుకుంది. కానీ పిల్లలు తలొక బడికీ చెదిరిపోతే ఆ పదిమంది లెక్క ఎక్కడా తేలదు. మాతృభాషా మాధ్యమాన్ని ప్రభుత్వం బలవంతంగా రుద్దకూడదని 2014 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2019లో కర్ణాటక ప్రభుత్వం వెయ్యి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం తరగతులు పెట్టింది. ఇంగ్లీషు కావాలని పేదవాడు కోరుకోవడంలో తప్పు లేదు. కాకపోతే, మాధ్యమం ఏదైనా సరే, మొదటి రెండేళ్ళు ఇంటి మాటను వంతెనగా వాడకపోతే బిడ్డ చదివేది బట్టీయే అవుతుంది.

ఇక మనం చెయ్యగలిగినవి. ఒకటి, బిడ్డను రోజూ పంపండి. మధ్యాహ్న భోజనం ఉంది, 2013 నుంచి క్షీరభాగ్య పాలు ఉన్నాయి. రెండు, చదువురాని అవ్వయినా సరే, సాయంత్రం బిడ్డ చేత ఆనాటి పాఠం తెలుగులో చెప్పించుకోండి. అర్థం కానిది చెప్పలేడు; చెప్పగలిగితే వచ్చినట్టే. ఇంట్లో తెలుగు మానేస్తే కన్నడ గానీ ఇంగ్లీషు గానీ త్వరగా వస్తుందనుకోవద్దు. మూడు, 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య సమితి సభ్యుల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. మొత్తంలో సగం మంది మహిళలు. మన దగ్గర దాన్ని ఎస్.డి.ఎం.సి. అంటారు. ఆ సమావేశానికి వెళ్ళండి. ఒక పూట కూలి పోతుందని నాకు తెలుసు. అందుకే ఆదివారం పెట్టమని అడగండి. మా వీధి పిల్లల మాట తెలిసిన టీచరు కావాలని ఆ సమావేశంలోనే అడగాలి.

పిల్లలు తగ్గితే సర్కారు బడి పక్క బడిలో కలిసిపోతుంది. నడిచి వెళ్ళగలిగిన బడి అలా దూరమైతే ముందుగా చదువు మానేది ఆడపిల్ల. గనుల్లో బంగారం తవ్విన కుటుంబాలకు ఇప్పుడు మిగిలిన ఆస్తి పిల్లల చదువే. ఆ ఆస్తి చేజారకుండా చూసుకోవడం టీచర్లకూ, తల్లిదండ్రులకూ కలిసి ఉన్న బాధ్యత.