కాగితం చెప్పే తీరం పొడవు

ఆంధ్రప్రదేశ్ సముద్రతీరం పొడవెంత? 974 కిలోమీటర్లని చాలా పుస్తకాల్లో చదువుకున్నాం. అది 1970ల నాటి లెక్క. కేంద్ర హోంశాఖ 2023-24 నివేదికలో అదే తీరం సుమారు 1,053 కిలోమీటర్లు! తీరం సాగిందా? లేక పాత లెక్క తప్పా? కాగితం, కత్తెర, జిగురు తెచ్చుకోండి. మనమే తేల్చుకుందాం.

27 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. ఎత్తు గల పాత వార్తాపత్రిక ముక్కను నిలువుగా సగానికి మడిచి విప్పండి. కింది ఎడమ మూలను కదలనీయకుండా, కింది కుడి మూలను పైకెత్తి నడిమి మడతకు తాకించండి. తాకినచోట చుక్క పెట్టండి. కాగితం విప్పి, ఆ చుక్కనూ కింది రెండు మూలలనూ గీతలతో కలిపి కత్తిరించండి. కోణమానిని లేకుండానే సమబాహు త్రిభుజం వచ్చింది! దీని చుట్టుకొలత 81 సెం.మీ.

ప్రతి భుజాన్ని మూడు సమభాగాలు చేసి, నడిమి భాగానికి ఆనించి 9 సెం.మీ. భుజం గల చిన్న త్రిభుజాన్ని అంటించండి. నక్షత్రం తయారైంది. ఇప్పుడు 12 అంచులు. చుట్టుకొలత 108 సెం.మీ. ఆ అంచులకు ఇలాగే 3 సెం.మీ. త్రిభుజాలు చేరిస్తే 144, వాటిపై 1 సెం.మీ.వి పెన్సిలుతో గీస్తే 192! మూడు భాగాలున్న ప్రతిచోటా నాలుగు అవుతున్నాయి కదా! ఈ పెరుగుదలకు అంతులేదు. వైశాల్యం మాత్రం మొదటి త్రిభుజానికి 1.6 రెట్లు ఎన్నటికీ దాటదు.

ఈ ఆకారాన్ని 1904లో స్వీడన్ గణితవేత్త కాక్ వర్ణించాడు. ఎంత చిన్న భాగం చూసినా మొత్తాన్ని పోలి ఉండే ఇటువంటి ఆకారాలకు 1975లో మాండెల్‌బ్రాట్ 'ఫ్రాక్టల్' అని పేరు పెట్టాడు.

ఇప్పుడు అసలు సంగతి. పూర్తయిన బొమ్మ అంచును 9 సెం.మీ. కాగితపు పట్టీతో మూల నుంచి మూలకు కొలవండి. పట్టీ చిన్న వంపులను దాటిపోతుంది, 108 వస్తుంది. 3 సెం.మీ. పట్టీతో 144, 1 సెం.మీ. పట్టీతో 192 వస్తాయి. బొమ్మ ఒక్కటే, పొడవులు మూడు!

తీరమూ అంతే. పటం సూక్ష్మమయ్యేకొద్దీ కయ్యలు, వంపులు లెక్కలోకి వస్తాయి, పొడవు పెరుగుతుంది. పాత లెక్క తప్పు కాదు, దాని కొలబద్ద పెద్దది. అందుకే పొడవుతోపాటు ఏ కొలతతో కొలిచారో కూడా చెప్పాలి.

హైదరాబాదులోని ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ ఉంది. భూమిని కొలిచి పటాలు తయారుచేయడం అక్కడ నేర్పుతారు. మీరూ ఉప్పల్ నల్లచెరువు లేదా నాచారం పెద్దచెరువు పటం సంపాదించి, గట్టు వెంట 2 సెం.మీ. పట్టీతో ఒకసారి, అర సెం.మీ. పట్టీతో మరొకసారి కొలవండి. తేడా ఎంత వచ్చింది?