తెర వెలగకముందే కంప్యూటర్ ఆగిపోతే

బటన్ నొక్కాం. ఫ్యాన్ తిరిగింది, లైటు వెలిగింది. తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. కంపెనీ గుర్తు రాలేదు, బీప్ వినపడలేదు. నిన్నటిదాకా బాగా పనిచేసిన మదర్‌బోర్డే ఇది. మధ్యలో మారింది ఒక్కటే, ఫర్మ్‌వేర్ (బోర్డు మీది చిన్న చిప్‌లో ఉండి, విండోస్, లినక్స్‌ల కంటే ముందే నడిచే ప్రోగ్రాం). అందులో ఎవరో పది లైన్లు మార్చారు. తప్పు ఎక్కడుందో ఇప్పుడు కనిపెట్టాలి.

మామూలు ప్రోగ్రాంలో తప్పు వస్తే తెర మీద సందేశం వస్తుంది, లేదా ఎక్కడో ఒక లాగ్ ఫైలు మిగులుతుంది. ఇక్కడ ఆ రెండూ ఉండవు. తెరను వెలిగించే కోడ్ దగ్గరికి యంత్రం ఇంకా చేరనే లేదు. ఫైలు రాయడానికి డిస్కు జాడ కూడా దానికి తెలియదు. ఇంత నిస్సహాయత ఎందుకో అర్థం కావాలంటే, బటన్ నొక్కిన తర్వాత తొలి క్షణాల్లో ఏం జరుగుతుందో చూడాలి.

ఇంటెల్ తరహా ప్రాసెసర్ మేల్కోగానే ఒక స్థిరమైన చిరునామాకు వెళ్తుంది. నాలుగు గిగాబైట్ల హద్దుకు సరిగ్గా 16 బైట్ల ముందున్న చోటు అది. అక్కడ ఉండేది ర్యామ్ కాదు, ఫర్మ్‌వేర్ చిప్. 16 బైట్లలో పెద్దగా ఏమీ పట్టదు కాబట్టి, అసలు కోడ్ ఉన్న చోటికి పంపే ఒక ఆదేశం మాత్రమే అక్కడ ఉంటుంది.

ర్యామ్ సంగతేమిటి? అది బోర్డు మీదే ఉంది, కానీ వాడకానికి సిద్ధంగా లేదు. ముందు మెమరీ ట్రైనింగ్ (ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య సంకేతాల రాకపోకల సమయాలను కొలిచి సరిచేసే పని) జరగాలి. ఆ పని చేసే ప్రోగ్రాం చిన్నదేమీ కాదు. అది నడవడానికి దానికే కొంత మెమరీ కావాలి. ర్యామ్ లేనిదే ప్రోగ్రాం నడవదు, ప్రోగ్రాం నడవనిదే ర్యామ్ రాదు.

ఈ చిక్కును ఇంజనీర్లు ఎలా విప్పారో కోర్‌బూట్ అనే ఫర్మ్‌వేర్‌లో స్పష్టంగా చూడొచ్చు, ఎందుకంటే దాని కోడ్‌ను ఎవరైనా చదవొచ్చు. అమెరికాలోని లాస్ అలమోస్ నేషనల్ లేబొరేటరీలో రాన్ మినిచ్ 1999లో లినక్స్‌బయోస్ పేరుతో దాన్ని మొదలుపెట్టారు. 2008లో పేరు మారింది. తొలిరోజుల్లో దీనికోసం ప్రత్యేకంగా ఒక కంపైలరే (మనిషి రాసిన కోడ్‌ను ప్రాసెసర్ ఆదేశాలుగా మార్చే ప్రోగ్రాం) రాసుకున్నారు. ప్రాసెసర్ లోపలి రిజిస్టర్లను మాత్రమే వాడుతూ, మెమరీ అసలు అక్కర్లేకుండా నడిచే కోడ్‌ను అది తయారుచేసేది. నాకు ఇప్పటికీ అబ్బురంగా అనిపించే పని అది. తర్వాత మరో మార్గం స్థిరపడింది. ప్రాసెసర్‌లో క్యాష్ (తరచూ వాడే సమాచారాన్ని దగ్గర పెట్టుకునే వేగమైన చిన్న మెమరీ) ఎలాగూ ఉంటుంది. ర్యామ్ సిద్ధమయ్యేదాకా దాన్నే ర్యామ్‌గా వాడుకుంటారు. ఇల్లు కట్టేదాకా పక్కన పాక వేసుకుని ఉన్నట్టే ఇది. ఇల్లు లేవగానే సామాను మార్చుకుని పాక తీసేస్తారు. (ఏఎండీ 2017లో తెచ్చిన జెన్ తరం నుంచి దారి వేరు. అక్కడ ఒక ప్రత్యేక భద్రతా ప్రాసెసర్ ముందే ర్యామ్‌ను సిద్ధం చేస్తుంది.)

ఈ దశలో ఒక మార్పు ఎలా ప్రాణం తీస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ప్రతి ర్యామ్ కార్డు మీదా దాని వివరాలున్న చిన్న చిప్ ఒకటి ఉంటుంది. డీడీఆర్4 కార్డుల్లో ఆ వివరాలు 512 బైట్లు. నాలుగు స్లాట్ల వివరాలనూ ఒకేసారి చదివి పెట్టుకుందామని ఒక ప్రోగ్రామర్ అనుకున్నాడు. ఫంక్షన్ లోపల 2,048 బైట్ల జాగా ప్రకటించాడు. విండోస్ ప్రోగ్రాంలో ఇది లెక్కలోకే రాదు. ఇక్కడ అలా కాదు. ఆ జాగా స్టాక్ (ఫంక్షన్లు పని పూర్తయ్యేదాకా తాత్కాలికంగా వాడుకునే మెమరీ) నుంచి రావాలి. ఆ స్టాక్ క్యాష్‌లో ఒక మూలన ఉంది. దానికి కేటాయించింది కొద్ది కిలోబైట్లే. స్టాక్ తన హద్దు దాటి పక్కనున్న వేరే సమాచారం మీద రాసేసింది. ఆపేవాళ్లు లేరు. ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటే హద్దు దాటిన ప్రోగ్రాంను పట్టుకుని ఆపేది. అదింకా రాలేదు.

అందువల్ల యంత్రం హద్దు దాటిన చోట ఆగదు. చెడిపోయిన సమాచారాన్ని తర్వాత ఎప్పుడో, ఇంకెవరో వాడబోయినప్పుడు ఆగుతుంది. తొలిదశ ఫర్మ్‌వేర్ తప్పులను వెతకడంలో నిజమైన కష్టం ఇదే. ఆగిన చోటు ఒకటి, తప్పు జరిగిన చోటు మరొకటి.

వెతుకులాట కోడ్‌తో మొదలుపెట్టకూడదు. యంత్రం నిజంగా ఆగిందా అన్నది ముందు తేల్చుకోవాలి. కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించాక మొదటిసారి మెమరీ ట్రైనింగ్ మొదటినుంచీ జరగొచ్చు. కొన్ని డీడీఆర్5 బోర్డుల్లో దానికే నిమిషాలు పడుతుంది, అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. ఇంట్లో బయోస్ (పీసీల్లో ఫర్మ్‌వేర్‌కు వాడుక పేరు) అప్‌డేట్ చేసుకునేవారు కూడా ఇది గుర్తుంచుకోవాలి. ఆ సమయంలో కంగారుపడి కరెంటు తీయకూడదు.

తర్వాత పాత ఫర్మ్‌వేర్‌ను తిరిగి ఎక్కించి చూడాలి. చిప్‌కు క్లిప్పు తగిలించి, బయటి పరికరంతో రాస్తారు. చాలా చిప్‌లు 3.3 వోల్టులవి, కొన్ని 1.8 వోల్టులవి. అది చూసుకోకపోతే చిప్పే కాలిపోవచ్చు. రాసినదాన్ని తిరిగి చదివి అసలు ఫైలుతో పోల్చాలి. పాతది పనిచేసి కొత్తది పనిచేయకపోతేనే తప్పు కోడ్‌లో ఉందని అనుకోవచ్చు. పాతదీ పనిచేయకపోతే అనుమానించాల్సింది క్లిప్పును, కరెంటును. ఈ మెట్టు దాటేసి లేని తప్పు కోసం రోజుల తరబడి వెతికేవాళ్లు ఉంటారు.

ఇప్పుడు యంత్రం చేత మాట్లాడించాలి. 1984 నాటి ఐబీఎం పీసీ ఏటీ కాలం నుంచీ ఉన్న పద్ధతి పోస్ట్ కోడ్ (ఎంతవరకు వచ్చానో చెప్పే చిన్న అంకె). దారిలో ఒక్కో మజిలీ దగ్గర ఫర్మ్‌వేర్ ఒక అంకెను ఒక నిర్ణీత పోర్టుకు పంపుతుంది. బోర్డు మీద రెండంకెల డిస్‌ప్లే ఉంటే అందులో అది కనిపిస్తుంది. దీనికి ర్యామ్ అక్కర్లేదు, స్టాక్ కూడా అక్కర్లేదు. చివరిగా కనిపించిన అంకెకూ, రావాల్సిన తర్వాతి అంకెకూ మధ్య ఎక్కడో బండి ఆగింది. ఆ మధ్యలో కొత్త అంకెలు చేర్చుకుంటూ పోతే చోటు ఇరుకవుతుంది. అంకెలేవీ కనిపించకపోతే తొలి ఆదేశమే నడవలేదేమో. లేదా ఆ పోర్టుకు దారి చూపాల్సిన చిప్‌సెట్ అమరికనే కొత్త కోడ్ చెరిపేసిందేమో. డిస్‌ప్లే ఖాళీగా ఉంటే ఈ రెండిట్లో ఏదో ఒకటని తొందరపడి తేల్చేయకూడదు.

సీరియల్ పోర్టు (అక్షరాలను వరుసగా వేరే కంప్యూటర్‌కు పంపే దారి) ఉంటే పూర్తి వాక్యాలే అందుతాయి. అయితే వాక్యాన్ని ముద్రించే ఫంక్షన్‌కూ స్టాక్ కావాలి. మన ఉదాహరణలో ప్రింట్ లైను ఒకటి చేరిస్తే యంత్రం ఇంకో చోట ఆగడం మొదలుపెట్టొచ్చు. ఇది చూసి చాలామంది హార్డ్‌వేర్ లోపమనుకుంటారు. నిజానికి ఇది మంచి ఆధారం. సంబంధం లేని చిన్న మార్పుతో ఆగే చోటు మారుతోందంటే మెమరీ పాడవుతోందని అనుమానించాలి. స్టాక్ అడుగున తెలిసిన గుర్తులు రాసి ఉంచి, అవి చెక్కుచెదరకుండా ఉన్నాయో లేదో తర్వాత చూసుకునే ఏర్పాటు కోర్‌బూట్‌లో ఉంది. కానీ ఆ తనిఖీ ర్యామ్‌ను సిద్ధం చేసే పని ముగిశాక జరుగుతుంది. యంత్రం అంతకన్నా ముందే ఆగితే హెచ్చరిక రాదు. తనిఖీని మనమే ముందుకు జరిపి చూసుకోవాలి.

మార్పులు చాలా ఉండి, ఏది కారణమో తెలియకపోతే మధ్యకు చీల్చుకుంటూ పోవాలి. వెయ్యి మార్పుల నడిమి దాన్ని ఎక్కించి చూస్తే ఐదొందలు పక్కకు పోతాయి. పది పరీక్షల్లో ఒక్క మార్పు దగ్గరికి చేరతాం. గిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో దీనికి సదుపాయం ఉంది. కాకపోతే ప్రతి పరీక్షకూ మళ్లీ క్లిప్పు, మళ్లీ రాయడం.

వాడేవాళ్లకు ఈ కష్టం చేరకూడదని క్రోమ్‌బుక్‌లలో వేరే ఏర్పాటు చేశారు. వాటిలో నడిచేదీ కోర్‌బూటే. మొట్టమొదటి కోడ్ మార్చడానికి వీల్లేని భాగంలో ఉంటుంది. మార్చదగిన భాగానికి రెండు ప్రతులు ఉంటాయి. కొత్త ప్రతి కొన్ని ప్రయత్నాల్లో లేవకపోతే యంత్రం తనంతట తానే రెండో ప్రతితో లేస్తుంది.

తప్పు దొరికి, ఆ 2,048 బైట్లను స్టాక్ నుంచి తీసేశాక యంత్రం లేచిందనుకుందాం. పని అప్పటికి సగమే అయింది. దిద్దుబాటును తీసేస్తే మళ్లీ ఆగుతోందా? ఆగకపోతే దొరికింది అసలు కారణం కాదు. ఆ తర్వాత ప్లగ్గు పీకి, బోర్డులో మిగిలిన కరెంటు కూడా పోయాక మళ్లీ లేపి చూడాలి. రీస్టార్ట్ బటన్‌తో లేచినప్పుడు వెనకటి అమరికలు కొన్ని చిప్‌లలో అలాగే నిలిచి ఉంటాయి. కోడ్‌లో లోపమున్నా వాటి ఆసరాతో యంత్రం నడిచిపోతుంది. అందుకే పూర్తిగా చల్లారిన స్థితి నుంచి ఒకసారి, రీస్టార్ట్‌తో ఒకసారి, మెమరీ ట్రైనింగ్ ఫలితాలను చెరిపేసి ఇంకోసారి. ఈ మూడింటిలోనూ తెర వెలిగితేనే ఆ మార్పును అందరికీ పంపొచ్చు.