తెలిసిన కథకే తెల్లవార్లూ

‘రాయబారం’ నాటకానికి వెళ్లే మనిషికి కథంతా ముందే తెలుసు. కృష్ణుడు హస్తినకు వెళ్తాడు, సంధి పొసగదు, యుద్ధం తప్పదు. ఎవరి తర్వాత ఎవరు పద్యం ఎత్తుకుంటారో తెలుసు. చాలామందికి ఆ పద్యాలు నోటికి వచ్చు కూడా. అయినా తిరనాళ్లలోనో శ్రీరామనవమి పందిట్లోనో నాటకం ఉందంటే చాప చంకన పెట్టుకుని బయల్దేరి, తెల్లవారేదాకా కదలకుండా కూర్చున్న ఊళ్లు మనవి. ముగింపు తెలిసిన కథ కోసం నిద్ర మానుకోవడం ఏమిటని ఈనాటి పిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు పద్యం కట్టుబడిలో ఉంది.

ముందు పాటకూ నాటక పద్యానికీ ఉన్న తేడా చూడాలి. పాటకు తాళం ఉంటుంది. పాడేవాడు ఎంత గొప్పవాడైనా తాళం పిలిచిన చోటికి రావాల్సిందే. పద్యానికి రాగం ఉంటుంది గాని తాళం ఉండదు. ఛందస్సు గురువులూ లఘువులూ ఎన్నో, ఏ వరుసలో రావాలో చెబుతుంది. ఏ మాట దగ్గర ఎంతసేపు నిలవాలో మాత్రం చెప్పదు. అది నటుడి ఇష్టం. ఒక మాటను గట్టిగా పట్టి వదలవచ్చు, మరో మాటను మెల్లగా జారవిడవచ్చు, మధ్యలో ఆగి ఎదుటి పాత్ర ముఖంలోకి చూడవచ్చు. హార్మోనిస్టు ఆయన వెనకాలే నడవాలి. అందుకే నిన్న పొరుగూళ్లో విన్న పద్యమే ఇవాళ ఇక్కడ మరోలా ఉంటుంది. ప్రేక్షకుడు కథ తెలుసుకోవడానికి రాడు, ఈ నటుడు ఈ పద్యాన్ని ఇవాళ ఎలా చెబుతాడో వినడానికి వస్తాడు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగం’లో జనం పడక సీను అని పిలుచుకునే ఘట్టం ఉంది. ద్వారకలో కృష్ణుడు నిద్రపోతున్నట్టు పడుకుని ఉంటాడు. తలదగ్గర దుర్యోధనుడు, కాళ్లదగ్గర అర్జునుడు, ఇద్దరూ యుద్ధంలో సాయం అడగడానికి వచ్చినవాళ్లే. కళ్లు తెరిచాక దుర్యోధనుణ్ణి ‘బావా’ అని పలకరిస్తూ కృష్ణుడు పాడే పద్యం తెలుగునాట వినని చెవి ఉండదేమో. అందులో ఉన్నదల్లా ఎప్పుడొచ్చావు, అన్నదమ్ములు కులాసానా, పిల్లలు కులాసానా అన్న ఇంటి పలకరింపే. కాని అది శార్దూలంలో నడుస్తుంది. పాదానికి 19 అక్షరాలు, పదమూడో అక్షరం దగ్గర యతి. మొదటి అక్షరం ‘బా’, పదమూడోది ‘భ్రా’. ఆ రెండూ ఒకదాన్నొకటి అందుకోవడంతో పాదం చెవిలో బిగుసుకుపోతుంది. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ప్రాసగా కలుస్తుంది. ఛందస్సు పేరు తెలియనివాడు కూడా ఒక మాట తప్పు పడితే వెంటనే పట్టుకోగలడు. చదువురాని రైతుకు పద్యాలు కంఠస్థమయ్యాయంటే ఈ అల్లికే కారణం.

బంధువును గుమ్మంలో అడిగే మాటలే పద్యంలోకి ఎక్కాయి కనుక వినేవాడికి అర్థం కోసం వెతుకులాట లేదు. దాంతో మనసంతా చెప్పే తీరు మీదకు పోతుంది. ‘బావా’ అన్న పిలుపులో ఆప్యాయత ఎంత, నటన ఎంత? యుద్ధం ముంగిట నిలబడి కుశలం అడుగుతున్నవాడి గొంతులో ఆ రెండూ ఏ పాళ్లలో కలవాలి? మంచి కృష్ణుడెవరో ఈ ఒక్క పిలుపుతో తేల్చేసేవాళ్లు ఊళ్లలో ఉండేవారు.

పడమటి దేశాల సంగీత నాటకాలు చూసినవారికి ఈ పద్ధతి పూర్తిగా కొత్తేమీ కాదు. 1959లో బ్రాడ్వే రంగస్థలం మీదకు వచ్చి, 1965లో సినిమాగా లోకమంతా తిరిగిన ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’లో పాత్రలు మామూలుగా మాట్లాడుకుంటూనే పాటలోకి జారిపోతాయి. మాట చాలని చోట పాట, పాట కూడా చాలకపోతే నృత్యం. మన నాటకంలో మెట్లు వేరు. వచనం చాలని చోట పద్యం, పద్యమూ చాలని చోట రాగం. నాలుగో పాదం ముగిశాక నటుడు మాటల్లేకుండా తీసే ఆలాపన ఉందే, అక్కడ అర్థం అయిపోయింది, బాధో కోపమో ఇంకా మిగిలే ఉంది. శోకానికి ముఖారి, ఆగ్రహానికి అఠాణా, అలా ఆ మిగిలినదంతా రాగంలోకి వెళ్తుంది.

ఆ రాగం నచ్చితే పందిరి నలుమూలల నుంచీ ‘ఒన్స్ మోర్’ అని కేకలు. కొడుకు శవం ముందు కుప్పకూలిన పాత్ర అయినా సరే, మళ్లీ మొదటి పాదం నుంచి ఎత్తుకోవాల్సిందే. దీన్ని చాలామంది విమర్శకులు తప్పు పట్టారు. నాటకం పాటకచ్చేరీ అయిపోతోందని, రాగాల జోరులో పాత్ర చచ్చిపోతోందని వాళ్ల బాధ. ఆ బాధలో నిజం ఉంది. ఒక్కో పద్యాన్ని పావుగంట సాగదీసినవాళ్లు లేకపోలేదు. కాని ఒన్స్ మోర్ అన్నది ప్రేక్షకుడికి దక్కిన గొప్ప హక్కని నేననుకుంటాను. నచ్చిన చోట కాలాన్ని వెనక్కి తిప్పమని అడిగే హక్కు అది. ఏడుపు రెండోసారి వచ్చినా అది అబద్ధమని ఎవరికీ అనిపించలేదు.

కాంట్రాక్టరు పేరున్న నటులను పోగుచేసి ఆడించే కాంట్రాక్టు నాటకాల రోజుల్లో ఒకే రాత్రి ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు ఉండేవారు. పడక సీనుకు ఒకరు, రాయబారానికి మరొకరు. కొత్తగా చూసేవారికి వింతగా ఉంటుంది గాని జనానికి అందులో ఇబ్బందేమీ లేదు. పాత్ర ఎవరో తెలుసు, పద్యం ఏదో తెలుసు, కాబట్టి గొంతులను పోల్చుకోవడమే ఆ రాత్రి పండుగ. షణ్ముఖి ఆంజనేయరాజు మాధుర్యం గొప్పదా, మాటను విడమరిచి అర్థాన్ని ముందుకు తెచ్చే పీసపాటి నరసింహమూర్తి తీరు గొప్పదా అని మర్నాడు అరుగుల మీద వాదులాడుకునేవారు.

ఈ నాటకాల్లో నన్ను అన్నిటికన్నా కదిలించేది ‘సత్య హరిశ్చంద్ర’లోని కాటి సీను. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతంగారిది. కాని కాటి సీనులో జనం ఎదురుచూసే పద్యాలు కొన్ని ఆయనవి కావు. అవి గుర్రం జాషువా ‘శ్మశానవాటి’ ఖండికలోనివి. నాటకం కోసం రాసినవి కాకపోయినా, నటులు వాటిని తెచ్చి హరిశ్చంద్రుడి నోట పెట్టారు. జనం ఎంతగా సొంతం చేసుకున్నారంటే, అవి లేని కాటి సీనును ఒప్పుకోలేదు. వాటిని ఎవరు రాశారో తెలియకుండానే పాడుకున్న ఊళ్లు ఎన్నో.

ఇందులో ఉన్న అర్థాన్ని నిదానంగా చూడాలి. 1895లో వినుకొండలో పుట్టిన జాషువా అంటరానితనాన్ని ఒంటి మీద అనుభవించిన కవి. కవైనా రాజైనా చివరికి కలిసేది ఈ నేలలోనే, అస్పృశ్యతకు ఇక్కడ చోటు లేదు అన్న భావం ఆ పద్యాల్లో ఉంది. ఆ మాటలను రంగస్థలం మీద చెప్పేది చక్రవర్తిగా బతికి, కాటికాపరిగా నిలబడ్డ హరిశ్చంద్రుడు. ఏ ఊళ్లలో ఆ కవికి పంక్తిలో చోటు దొరకదో ఆ ఊళ్లే ఆయన పద్యానికి ఒన్స్ మోర్ కొట్టాయి. డి.వి. సుబ్బారావు లాంటి హరిశ్చంద్రులు గొంతెత్తితే పందిట్లో ఆడామగా కంట తడి పెట్టుకునేవారు. ఆ కన్నీళ్లతో ఊరు మారిపోయిందని నేననను. కాని ఉపన్యాసంలో చెబితే లేచిపోయే మనుషులు అదే మాటను పద్యంలో చెబితే అర్ధరాత్రి దాకా కూర్చుని విన్నారు.

రంగస్థలం నుంచి సినిమాకు దారి మొదట్లోనే పడింది. హెచ్.ఎం. రెడ్డి తీసిన మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా కనిపించింది సురభి కమలాబాయి, నాటకాల మనిషి. ముత్తరాజు సుబ్బారావు ‘శ్రీకృష్ణ తులాభారం’లో ఆడవేషానికి పెట్టింది పేరైన స్థానం నరసింహారావు, సత్యభామ అతిశయాన్ని చూపడానికి తానే ఒక పాట రాసుకుని పాడారు. 1966లో అదే నాటకం సినిమాగా వచ్చినప్పుడు ఆ పాట పి. సుశీల గొంతులో, జమున అభినయంలో మళ్లీ పలికింది. ఒక మగవాడు ఆడదాని గర్వాన్ని ఊహించి కట్టుకున్న పాట ఇద్దరు స్త్రీల చేతికి వచ్చి, ఇప్పటికీ కుర్రపిల్లల నృత్య ప్రదర్శనల్లో వినిపిస్తోంది.

సినిమా పద్యానికి అసలు రూపు ఇచ్చినవాడు ఘంటసాల. తొలినాళ్ల రంగస్థల నటుడికి మైకు లేదు. చివరి వరుసకు వినపడాలంటే హెచ్చు శ్రుతిలో పాడాలి, అచ్చులను సాగదీయాలి. సినిమా మైకు ఊపిరిని కూడా పట్టుకుంటుంది. అందుకే ఘంటసాల గొంతు తగ్గించి, రాగాన్ని కుదించి, సమాసాన్ని అర్థం చెడకుండా విరిచి చెప్పగలిగారు. 1967 నాటి ‘శ్రీకృష్ణావతారం’లో ఎన్.టి. రామారావుకు ఆయన పాడిన రాయబారం పద్యాలు వింటే ప్రతి మాటా విడిగా వినపడుతుంది. నాటకం చూడని కోట్లమందికి తిరుపతి వేంకట కవుల పద్యాలు తెలిశాయంటే ఆ గొంతు చలవే.

దానికి చెల్లించిన మూల్యమూ ఉంది. రికార్డు ఎక్కిన పద్యం ఇక మారదు. ఇప్పుడు స్టేజీ మీద కృష్ణుడు పద్యం ఎత్తుకుంటే ఘంటసాలలా ఉందా లేదా అని చూస్తున్నాం. నటుడికి నచ్చిన చోట ఆగే స్వేచ్ఛ పద్యంలో ఇంకా ఉన్నా, వినే చెవి దాన్ని ఇవ్వడం లేదు. ఇది నాకు నిజంగా దిగులు కలిగించే విషయం.

ఈ పద్యాలు ఎప్పుడూ వినని పిల్లలు ఇంట్లో ఉంటే, కథ చెప్పి కూర్చోబెట్టండి. రాయబారంలో ఏదో ఒక్క పద్యాన్ని మొదట ఘంటసాల గొంతులో వినిపించండి, తర్వాత రంగస్థల నటుల పాత రికార్డుల్లో. రెండోదాంట్లో హార్మోనియం గొంతు కన్నా రవ్వంత ఆలస్యంగా వస్తుంది. నటుడు ఎక్కడ ఆగుతాడో ముందే తెలియక హార్మోనిస్టు కాచుకుని ఉండటం అది.