పాల్మెటో: ఒకే పేరు, నాలుగు మొక్కలు

ఆ మధ్య ఒక విశ్రాంత ఉపాధ్యాయులు మా వైద్యశాలకు వచ్చి, ఒక సీసాను నా ముందుంచిరి. అమెరికాలోనున్న వారి కుమారుడు పంపిన ‘సా పాల్మెటో’ గుళికలవి. సీసాపై ఎత్తైన చెట్టు బొమ్మ కలదు. “వైద్యులుగారూ, ఇది మన తాటిపండేనాండీ?” అని వారడిగిరి. ప్రశ్న చిన్నదే గాని విలువైనది. ద్రవ్యమును గుర్తించుట మొదటి మెట్టు, వాడుట తరువాతి మెట్టు అని మా గురువులు బోధించిరి.

పాల్మెటో యనునది స్పానిషు మాట నుండి వచ్చినది. చిన్న తాళమని దాని అర్థము. అమెరికా ఆగ్నేయ రాష్ట్రములలో పెరుగు పలు జాతులకు ఈ పేరు కలదు. అన్నిటి ఆకులును మన తాటాకు వలె విసనకర్ర ఆకారమున నుండును. పొరపాటునకు మూలమిదియే.

సా పాల్మెటో: దీని శాస్త్రనామము సెరినోవా రెపెన్స్. ఈ ప్రజాతిలో ఇది యొక్కటే జాతి. కాండము సాధారణముగా నేలబారుగా ప్రాకును. పొద మనిషి ఎత్తున నుండును. మట్ట అంచులకు రంపపు పళ్ల వంటి ముళ్లుండును. తాటిమట్టను పట్టి లాగినవారికి ఈ గుణము వేరుగా చెప్పనక్కరలేదు. ఫ్లోరిడా మొదలగు రాష్ట్రములలోని ఇసుక నేలలు, పైన్ వనములు, సముద్రతీరపు దిబ్బలు దీని నివాసములు. కార్చిచ్చులో ఆకులు కాలినను మరల చిగుర్చును. మందుగా అమ్మునది దీని ఫలముల నుండి తీసిన జిడ్డుసారము. ఈ ఫలములు అడవి ఎలుగుబంట్లకును ఆహారము. ఫ్లోరిడాలో వీటిని కోయుటకు 2018 నుండి అనుమతిపత్రము అవసరమైనది.

క్యాబేజీ పాల్మెటో: ఇది సబాల్ పాల్మెటో. ఇరువది మీటర్ల వరకు పెరుగగల వృక్షము. మట్టకు ముళ్లుండవు. మట్ట కొన ఆకులోనికి నడిమి ఈనెగా సాగి వంగియుండును. ఫలములు చిన్నవి, గుండ్రనివి, నల్లనివి. తీరప్రాంతములందును, క్యూబా, బహామా దీవులందును పెరుగును. దీని మొవ్వును కూరగా తిందురు. మొవ్వు తీసినచో, మన తాటి, కొబ్బరి వలెనే, చెట్టు మరి బ్రతుకదు.

మరుగుజ్జు పాల్మెటో: ఇది సబాల్ మైనర్. కాండము సామాన్యముగా భూమిలోనే యుండును. మట్ట నునుపు. చిత్తడి నేలలు, ఏటి పల్లములు దీనికి ప్రియము. చలిని బాగుగా తట్టుకొనును.

స్క్రబ్ పాల్మెటో: ఇది సబాల్ ఎటోనియా. ఫ్లోరిడాలోని తెల్లని ఇసుక పొదభూములలో మాత్రమే పెరుగును. దీని మట్టయు నునుపే.

కావున ఈ నాలుగింటిలో మట్టను తడిమినచో ముళ్లు తగులునది సా పాల్మెటో యొక్కటే. ఉపాధ్యాయుల సీసాపై ముద్రించిన ఎత్తైన వృక్షము దానిది కాదు. ఇక మన తాటిలో పోతుతాడు, పెంటితాడు వేరువేరు చెట్లు. సా పాల్మెటోలో పువ్వులు ద్విలింగములు. రెండును ఒక్కటి కావు.

అయితే సరియైన మొక్క దొరికినంతనే రోగము తీరునా? పౌరుషగ్రంథి వాపుతో మూత్రబాధ పడు పురుషులపై అమెరికాలో జరిగిన రెండు పరిశోధనలు 2006లోను, 2011లోను వెలువడినవి. మొదటిదానిలో 225 మంది, రెండవదానిలో 369 మంది పాల్గొనిరి. రెండవదానిలో మోతాదును మూడింతల వరకు పెంచి చూచిరి. రెండింటను ఈ సారము ఉత్తుత్తి గుళికల కంటె మేలు చేయలేదు. మూలికలపై నాకు గల మక్కువ ఈ సత్యమును దాచుటకు కారణము కారాదు.

ఆ ఉపాధ్యాయులు గుళికలను నమ్మి ఎనిమిది నెలలు ఏ పరీక్షయు చేయించుకొనలేదు. వెంటనే మూత్రవ్యాధుల నిపుణుని వద్దకు పంపితిని. మూత్రాశయము పూర్తిగా ఖాళీ కాకున్నదని స్కానింగులో తేలెను. చికిత్స అందినది, బాధ తగ్గినది.

సుశ్రుతుడు మూత్రాఘాతములను 12 విధములుగా చెప్పెను. ఒకే పేరున పలు మొక్కలున్నట్లే, ఒకే బాధ వెనుక పలు కారణములుండును. ధార సన్నగిల్లుట, రాత్రి పలుమారులు లేచుట, మూత్రమున రక్తము కనబడుట మొదలగునవి యున్నచో ముందు పరీక్ష చేయించుకొనుడు. మూత్రము బొత్తిగా ఆగినచో ఆ గడియనే ఆసుపత్రికి వెళ్లుడు. విదేశపు గుళికయైనను, స్వదేశపు మూలికయైనను, వాడుచున్న సంగతిని వైద్యునికి తప్పక చెప్పుడు.